240 పేర్లు, ఒకే లైన్: బెంగళూరు శ్రోతల ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: కె.ఆర్. పురం నుంచి ఒకరు లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం సార్. మాది మదనపల్లె. ఇక్కడ అపార్ట్‌మెంట్ ఆఫీసులో పనిచేస్తాను. ఉగాది భోజనాలకు పేర్లిచ్చినవాళ్ల జాబితా వచ్చింది. 240 పేర్లూ ఒకే లైన్‌లో ఉన్నాయి, మధ్యమధ్య సెమీకోలన్లు. నాకు లైనుకో పేరు కావాలి. లినక్స్‌లో అక్షరాలు మార్చే టీఆర్ కమాండ్ కొట్టి చివర ఫైలు పేరిస్తే ‘ఎక్స్‌ట్రా ఆపరాండ్’ అని ఎర్రర్ ఇస్తోంది.

సలహాదారు: టీఆర్‌కి ఫైలు పేరు ఇవ్వకూడదమ్మా. అది ఫైలు తెరవదు, తన దగ్గరికి వచ్చిన అక్షరాలను మార్చి పంపిస్తుందంతే. రాసుకోండి. టీఆర్, స్పేస్, సింగిల్ కోట్స్‌లో సెమీకోలన్, స్పేస్, మళ్లీ సింగిల్ కోట్స్‌లో బ్యాక్‌స్లాష్ ఎన్, అంటే న్యూలైన్, కొత్త లైన్ మొదలుపెట్టే గుర్తు. తర్వాత లెస్ దేన్ గుర్తు, ఫైలు పేరు. ఫైల్లో ఉన్నదాన్ని టీఆర్‌కి అందించేది ఆ లెస్ దేన్ గుర్తే. కోట్స్ మాత్రం మర్చిపోవద్దు. లేకపోతే సెమీకోలన్ దగ్గరే కమాండ్ అయిపోయిందనుకుంటుంది షెల్, అంటే మనం కొట్టిన కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామ్.

శ్రోత: ఒక్క నిమిషం సార్... ఆ, వచ్చాయి! కానీ మొదటి పేరు తప్ప మిగతావన్నీ కాస్త పక్కకు జరిగున్నాయి.

సలహాదారు: ప్రతి సెమీకోలన్ తర్వాత ఒక స్పేస్ ఉందన్నమాట. టీఆర్ సెమీకోలన్‌ని మార్చింది, స్పేస్‌ని వదిలేసింది. ఆ కమాండ్ వెనక పైపు, అంటే దాని ఫలితాన్ని తర్వాతి కమాండ్‌కి పంపే నిలువు గీత పెట్టి, లైన్లలో మార్పులు చేసే సెడ్, సింగిల్ కోట్స్‌లో ఎస్, స్లాష్, క్యారెట్, స్పేస్, స్టార్, స్లాష్, స్లాష్ కొట్టండి. లైన్ మొదట్లో ఉన్న స్పేస్‌లు పోతాయి.

శ్రోత: సరిగ్గా వచ్చింది సార్. కానీ చివర లైన్లు లెక్కపెట్టే డబ్ల్యూసీ మైనస్ ఎల్ పెడితే 239 చూపిస్తోంది. ఒక పేరు ఎగిరిపోయిందా? వంటవాళ్లకు లెక్క చెప్పాలి, టెన్షన్‌గా ఉంది.

సలహాదారు: ఎక్కడికీ పోలేదమ్మా. డబ్ల్యూసీ లెక్కపెట్టేది పేర్లను కాదు, న్యూలైన్ గుర్తులను. చివరి పేరు తర్వాత సెమీకోలన్ లేదు కాబట్టి అక్కడ న్యూలైన్ పడలేదు. దాని బదులు గ్రెప్ మైనస్ సీ, కోట్స్‌లో ఒక చుక్క పెట్టండి. చుక్క అంటే ఏదో ఒక అక్షరం కాబట్టి ఖాళీగా లేని లైన్లన్నీ లెక్కకొస్తాయి.

శ్రోత: 240! హమ్మయ్య.

సలహాదారు: ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. ఫలితాన్ని కొత్త ఫైలులోకే పంపండి. గ్రేటర్ దేన్ పెట్టి పాత ఫైలు పేరే ఇచ్చారనుకోండి, టీఆర్ చదవకముందే షెల్ దాన్ని ఖాళీ చేసేస్తుంది. జాబితా మొత్తం పోతుంది.

వ్యాఖ్యాత: ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఇంకొకరు.

శ్రోత: అన్నా, సెడ్‌తో కామా తీసి బ్యాక్‌స్లాష్ ఎన్ పెడితే ఆఫీసు లినక్స్‌లో లైన్లు విడిపోతున్నాయి. ఇంట్లో పాత మ్యాక్‌లో మాత్రం కామా ఉన్నచోటల్లా ఎన్ అక్షరం పడుతోంది.

సలహాదారు: లినక్స్‌లో ఉన్నది గ్నూ సెడ్, మ్యాక్‌లోది బీఎస్‌డీ సెడ్. పేరొకటే అయినా రెండూ వేరువేరు రూపాలు. కొత్తగా పెట్టే భాగంలో బ్యాక్‌స్లాష్ ఎన్ అంటే న్యూలైనే కావాలని ఇలాంటి కమాండ్లకు ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్ చెప్పదు. టీఆర్ అయితే రెండుచోట్లా ఒకేలా పనిచేస్తుంది. అది సరే, ఫైల్లో ఏముంది తమ్ముడూ?

శ్రోత: కస్టమర్ల పేర్లు, అడ్రస్‌లు. అడ్రస్‌లు డబుల్ కోట్స్‌లో ఉన్నాయి.

సలహాదారు: అయితే సెడ్డూ వద్దు, టీఆరూ వద్దు! మన బెంగళూరు అడ్రస్ ఎలా ఉంటుంది? నంబర్ 12, కామా, 3వ క్రాస్, కామా, 8వ మెయిన్. ఆ కామాల దగ్గర కూడా విరిగిపోతే ఒక్క అడ్రస్ మూడు లైన్లవుతుంది, కొరియర్ ఎవరింటికో పోతుంది. కోట్స్ లోపలి కామా విడగొట్టే గుర్తు కాదని సీఎస్‌వీ, అంటే కామాలతో విడగొట్టే ఫైళ్ల తీరు చెప్పే 2005 నాటి ఆర్ఎఫ్‌సీ 4180 పత్రంలోనే ఉంది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషతో పాటే వచ్చే సీఎస్‌వీ మాడ్యూల్‌కి ఆ సంగతి తెలుసు. నాలుగు లైన్ల కోడ్ రాస్తే చాలు.

శ్రోత: ఆఫీసులో పైథాన్ ఉందన్నా. రేపు అక్కడే చేస్తా.