మైండ్‌ఫుల్‌నెస్ గెలవలేదు! ఆ 424 మంది గురించి మీకు సగమే చెప్పారు

నమస్తే అండీ, వెల్‌కమ్ బ్యాక్. ముందే చెప్పేస్తున్నా, ఇవాళ్టి వీడియో కింద తిట్లు పడతాయి, పడనీయండి. ఆ రీల్ మీరందరూ చూసే ఉంటారు, మళ్ళీ ప్లే చేసి ఆయనకి వ్యూస్ ఇవ్వను. ఒకాయన మాత్రల స్ట్రిప్ చేతిలో పట్టుకుని, కెమెరాకి చూపించి, టపీమని చెత్తబుట్టలో పడేసి, "లాన్సెట్‌లోనే వచ్చింది, డిప్రెషన్ మళ్ళీ రాకుండా మైండ్‌ఫుల్‌నెస్ మందులతో సమానంగా పనిచేస్తుంది, ఇంకెందుకండీ ఈ కెమికల్స్" అంటాడు, బయోలో కోర్సు లింకు. లాన్సెట్ అంటే పేరున్న వైద్య పత్రిక, మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఒంట్లో, మనసులో జరిగేదాన్ని అలా గమనించే ధ్యానం. కింద దండాలు, హార్టులు. ఇంకోవైపు డాక్టర్లు లబోదిబోమంటూ రిప్లై వీడియోలు. మీరేమో నాకు ట్యాగులు, "అన్నా నువ్వేమంటావ్" అని.

నేననేది ఒక్కటే. ఆయన చెప్పే ఆ లాన్సెట్ ట్రయల్‌లో, అంటే రోగుల్ని గ్రూపులు చేసి చికిత్సల్ని పోల్చి చూసిన పరీక్షలో, మైండ్‌ఫుల్‌నెస్ గెలవలేదు. గెలవలేదు బాబూ! ఆ రీసెర్చ్ పేపర్ రాసినవాళ్ళే గెలవలేదని రాశారు, మీరు చదవలేదు, మీకు చెప్పినాయనా చదవలేదు.

ఏంటా ట్రయల్? పేరు ప్రివెంట్, ఇంగ్లండ్‌లో చేశారు, విలెమ్ కైకెన్ అనే ప్రొఫెసర్ టీమ్, 2015 ఏప్రిల్‌లో లాన్సెట్‌లో వచ్చింది. 424 మంది. ఇక్కడ కొంచెం ఆగండి, ఈ 424 మంది ఎవరు? రోడ్డు మీద పోయే మామూలు జనం కాదు, "నాకీమధ్య మూడ్ బాలేదు" అనేవాళ్ళు కాదు. ఒక్కొక్కరికి డిప్రెషన్ కనీసం మూడుసార్లు వచ్చి తగ్గింది. అందరూ, మళ్ళీ చెప్తున్నా, అందరూ ట్రయల్‌లో చేరేనాటికి మందులు వాడుతున్నవాళ్ళే! మందులతో లేచి నిలబడ్డవాళ్ళు. వాళ్ళని సగం సగం చేశారు, 212 మంది మందులు అలాగే కంటిన్యూ, ఇంకో 212 మందికి ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు, దాంతోపాటు వాళ్ళ ఫ్యామిలీ డాక్టర్ పర్యవేక్షణలో డోసు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావడం. మెల్లమెల్లగా! చెత్తబుట్ట కాదు! పైగా కోర్సు చేసినవాళ్ళు కూడా అందరూ మందులు మానలేదు, కొంతమంది డోసు తగ్గించి ఊరుకున్నారు, కొంతమంది అసలు ముట్టుకోనేలేదు.

రెండేళ్ళు చూశారు. కోర్సు గ్రూపులో మళ్ళీ డిప్రెషన్‌లో పడినవాళ్ళు 44 శాతం, మందుల గ్రూపులో 47 శాతం. అంటే అటూ ఇటూ దాదాపు సగం మంది మళ్ళీ పడ్డారు. ఈ మాట ఏ రీల్‌లో అయినా విన్నారా? వినరు, ఎందుకంటే "సగం మందికి మళ్ళీ వస్తుంది" అంటే కోర్సు అమ్ముడుపోదు.

ఇప్పుడు అసలు తిరకాసు. ఈ ట్రయల్ మొదలుపెట్టిందే మైండ్‌ఫుల్‌నెస్ మందుల కంటే మెరుగు అని చూపిద్దామని. ఆ 44కి 47కి మధ్య తేడా లెక్కల్లో నిలబడలేదు, అంటే అదృష్టం కొద్దీ కూడా అంత తేడా రావచ్చు. కాబట్టి వాళ్ళు నిజాయితీగా "మెరుగని ఆధారం దొరకలేదు" అని రాసేశారు. న్యూస్‌పేపర్లలో హెడ్డింగ్ ఏంటి? "మందులతో సమానం"! సమానం అని తేల్చాలంటే దానికి వేరే డిజైన్, వేరే లెక్క ఉంటుంది, అది ఇందులో లేదు. రెండు పార్టీలకి ఓట్లు దగ్గర దగ్గరగా వచ్చాయని ఇద్దరికీ ఊరేగింపు చేసినట్టుంది యవ్వారం. ఇంకోటి, రెండూ లేకుండా వదిలేసిన మూడో గ్రూపే ఇందులో లేదు, మరి దేనితో పోల్చి దండేస్తున్నారు?

సరే, "నువ్వు మందుల కంపెనీ మనిషివి" అని టైప్ చేస్తున్న అన్నయ్యా, ఒక్క నిమిషం ఆగు, నీకోసమే ఇది. నెదర్లాండ్స్‌లో ఇంకో ట్రయల్ చేశారు, 2016లో వచ్చింది, 249 మంది. ఇందులో అందం ఏంటంటే మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు రెండు గ్రూపులకీ ఉంది. తేడా ఒక్కటే, ఒక గ్రూపు కోర్సు చేసి మందులు మానేయాలి, రెండోది కోర్సు చేస్తూ మందులు కూడా వేసుకోవాలి. పదిహేను నెలల్లో మానేయమన్న గ్రూపులో మళ్ళీ పడ్డవాళ్ళు 54 శాతం, వేసుకోమన్న గ్రూపులో 39 శాతం. ధ్యానం ఇద్దరికీ ఉంది, మాత్ర ఒక్కళ్ళకే ఉంది. ఇప్పుడు చెప్పు ఆ రీల్ ఎవరి కోసమో!

బ్రిటన్‌లోనే 2021లో యాంట్లర్ అని ఇంకోటి, అందులో ధ్యానం గొడవే లేదు. బాగున్నాం, మందులు ఆపేద్దామా అనుకుంటున్న 478 మందిని తీసుకుని సగం మందికి మాత్రలో మందు మెల్లగా తగ్గించి ఆపేశారు. ఏడాదిలో ఆపినవాళ్ళలో 56 శాతం మళ్ళీ పడ్డారు, వాడినవాళ్ళలో 39. అవును, ఆపినా పడనివాళ్ళు 44 శాతం ఉన్నారు, నేను దాచట్లేదు, ఆపడం పాపం అని కూడా అనట్లేదు. మీరు ఆ 44లో ఉంటారో ఆ 56లో ఉంటారో రీల్ చేసేవాడికి ఎలా తెలుసు?

చెత్తబుట్ట దగ్గరికి మళ్ళీ వెళ్దాం, నాకు అది చూస్తే ఒళ్ళు మండిపోతుంది. ఎస్సిటాలోప్రామో సెర్ట్రాలినో, అంటే డిప్రెషన్‌కి రాసే మాత్రలు, నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో అనుభవించినవాళ్ళని అడగండి. తల పక్కకి తిప్పితే లోపల కరెంటు చుర్రుమన్నట్టు, కళ్ళు తిరగడం, వికారం, రాత్రి పిచ్చి కలలు, ఊరికే ఏడుపు, ఇంట్లో అందరి మీదా అరుపులు. అందరికీ రాదు, వచ్చినవాళ్ళకి నరకం. దాన్ని చూసి ఒకాయన "చూశావా, ఈ మందులకి అడిక్ట్ అయిపోయావ్" అంటాడు, ఇంకొకాయన "డిప్రెషన్ తిరగబెట్టింది" అంటాడు. మెల్లగా తగ్గిస్తే చాలామందికి ఇంత గొడవే ఉండదు. మన దగ్గర తగ్గించడం ఎలా జరుగుద్దో తెలుసు కదా, మెడికల్ షాపులో కత్తెరతో స్ట్రిప్ కట్ చేయించుకుని నాలుగు మాత్రలు కొంటారు, అయిపోయాక పెళ్ళో పండగో వస్తది, కొనరు, పది రోజులు పోయాక "మానేశా, బానే ఉన్నా" అంటారు. పెళ్ళి చూపుల ముందు అయితే మరీ, అమ్మగారే డబ్బా తీసి బీరువాలో దాచేస్తారు, అటువైపు వాళ్ళ కంట పడకూడదని.

అసలు ఈ కోర్సులో ఏం చేస్తారో కూడా చెప్పాలి, ఎందుకంటే యాప్‌లో పది నిమిషాలు వాన చప్పుడు వినడమే అనుకుంటున్నారు మనోళ్ళు. మొదటి క్లాసులో చేతిలో ఒక కిస్‌మిస్ పెడతారు. ఒక్కటే! దాన్ని ఎప్పుడూ చూడనట్టు చూడాలి, ముడతలు చూడాలి, వేళ్ళ మధ్య నలపాలి, చెవి దగ్గర పెట్టుకుని వినాలి, నాలుక మీద పెట్టుకుని ఊరుకోవాలి, ఆ తర్వాత నమలాలి. పాయసంలో కిస్‌మిస్ కోసం కొట్టుకునే మన జనానికి ఇదో పెద్ద పరీక్ష. తర్వాత పడుకుని కాలి బొటనవేలి నుంచి ఒళ్ళంతా ఒక్కో భాగాన్నే గమనించడం. వారానికోసారి రెండు గంటల పైనే క్లాసు, ఎనిమిది వారాలు, పదీ పదిహేను మంది గుంపు, పైగా ఇంటి దగ్గర రోజూ దాదాపు ముప్పావుగంట ప్రాక్టీసు. "నేను ఎందుకూ పనికిరాను" అనే ఆలోచన వచ్చినప్పుడు దాని వెనకాల పరిగెత్తకుండా "ఓహో, ఒక ఆలోచన వచ్చింది" అని చూసి వదిలేయడం నేర్పుతారు. సీగల్, విలియమ్స్, టీస్‌డేల్ అని ముగ్గురు తయారుచేశారు. 2000లో వాళ్ళ మొదటి ట్రయల్‌లోనే మూడుసార్లు, ఆపైన వచ్చినవాళ్ళకి బాగా పనిచేసింది, రెండేసార్లు వచ్చినవాళ్ళకి పనిచేయలేదు. ఇది మంచి చికిత్స, నేను దాన్ని తిట్టట్లేదు. దాని మూలం బౌద్ధ ధ్యానం, అమరావతి, నాగార్జునకొండ ఉన్న నేల మనది, అక్కడెక్కడో ఆక్స్‌ఫర్డ్ తిరిగి ఇప్పుడు నెలవారీ సబ్‌స్క్రిప్షన్‌గా మన ఫోన్లోకే వచ్చింది, ఆటో రెన్యూవల్‌తో సహా.

ఇప్పుడు నా సొంత థియరీ, కొట్టేవాళ్ళు రెడీగా ఉండండి. నా లెక్కలో పనిచేస్తున్నది శ్వాస కాదు, కిస్‌మిస్ కాదు, ఆ గుంపు! ప్రతి వారం ఒకే గదిలో, మీలాగే మూడుసార్లు కిందపడి లేచిన పదిమంది, "ఈ వారం ఎలా ఉంది" అని అడిగే ఒక మనిషి. ఊరికే అనట్లేదు. 2014లో మార్క్ విలియమ్స్ టీమే, అంటే కోర్సు కనిపెట్టినవాళ్ళలో ఒకాయనే, 274 మందితో ఒక ట్రయల్ చేశారు. ఒక గ్రూపుకి మామూలు కోర్సు, ఇంకో గ్రూపుకి అదే కోర్సులోంచి ధ్యానం పీకేసి మిగతాది, మూడో గ్రూపుకి ఎప్పుడూ జరిగే వైద్యమే. ఏడాదిలో మళ్ళీ పడినవాళ్ళు 46, 50, 53 శాతం. లెక్కల్లో తేడా తేలలేదు. ధ్యానం పీకేసినా పెద్దగా ఊడిపడిందేమీ లేదు! ఇక్కడ నా థియరీకి ఒక ముల్లు గుచ్చుకుంటుంది, చెప్పేస్తా, చిన్నప్పుడు బాగా దెబ్బలు, హింస అనుభవించినవాళ్ళని విడిగా చూస్తే 41, 54, 65. వాళ్ళకి ధ్యానం గట్టిగానే పనిచేసినట్టుంది. ప్రివెంట్‌లో కూడా అలాంటి వాళ్ళ దగ్గరే కోర్సు వైపు మొగ్గు కనిపించింది. కానీ మిగతావాళ్ళకి? గుంపే, నేను గుంపే అంటా, మీరు ఒప్పుకోకపోతే వాదిద్దాం.

అందుకే యాప్ చూస్తే నాకు నవ్వొస్తుంది. యాప్‌లో కిస్‌మిస్ ఉంది, గంట మోత ఉంది, మనుషులే లేరు. మరి మన దగ్గర ఆ మనుషులు ఎక్కడ? బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు చేసిన 2015-16 జాతీయ సర్వేలో, డిప్రెషన్ ఉన్నవాళ్ళలో దాదాపు 85 శాతం మందికి వైద్యమే అందట్లేదని తేలింది. ఇంగ్లండ్‌వాడి గొడవ ఏళ్ళ తరబడి వాడుతున్న మందు ఎలా తగ్గించాలని, మన గొడవ అసలు మొదటి చీటీ రాసేవాళ్ళు లేరని. వాడి తలనొప్పికి రాసిన మందు తెచ్చి మన కాలికి పూస్తున్నాడు ఆ రీల్ ఆయన.

మందులు తగ్గించాలనుందా, రాసిచ్చిన డాక్టర్నే అడగండి, "నాకిది ఎన్నోసారి, తగ్గిస్తే ఎన్ని నెలల్లో, మధ్యలో తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలి" అని మూడూ అడగండి. ఆ మూడింటికీ జవాబు రాకపోతే ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఇప్పుడే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం పడవు.

కామెంట్లలో నాకు ఒక్కటి చెప్పండి. లాస్ట్ టైమ్ మానసిక డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు మీతో ఎన్ని నిమిషాలు మాట్లాడారు? డాక్టర్ పేరు వద్దు, హాస్పిటల్ పేరు అసలే వద్దు, నిమిషాలు రాయండి చాలు, వచ్చే వీడియోలో ఆ నిమిషాల సంగతే తేలుద్దాం.