పిన్ని మోకాలు, పది సిట్టింగుల ఓజోన్

తమ్ముడు: నమస్తే అండీ అందరికీ. ఇవాళ్టి ఎపిసోడ్‌కి కారణం మా పిన్ని. మోకాళ్ల నొప్పులని వెళ్తే ఒక క్లినిక్‌లో పది సిట్టింగుల ఓజోన్ ప్యాకేజీ అంటగట్టారు, అదీ మోకాలికి కాదట, రక్తానికట! క్లినిక్ పేరు చెప్పను. మా అక్క నొప్పుల విభాగంలో డాక్టర్ కాబట్టి లాక్కొచ్చి కూర్చోబెట్టాను. అక్కా, ఓజోన్ అంటే ఆకాశంలో ఉండే పొర కదా, అది పిన్ని ఒంట్లోకి ఎందుకొచ్చింది?

అక్క: ఆకాశం దాకా ఎందుకురా, పాత జిరాక్స్ మిషన్ ఆపకుండా నడుస్తుంటే ఘాటుగా ఒక వాసన వస్తుంది చూడు, అదే. 1840లో ష్యోన్‌బైన్ అనే కెమిస్ట్ దానికి పేరు పెట్టింది కూడా వాసన అనే అర్థమున్న గ్రీకు మాటతోనే. మామూలు ఆక్సిజన్‌లో రెండు పరమాణువులుంటే ఇందులో మూడు. ఆ మూడోది కుదురుగా ఉండదు, దేన్ని తగిలితే దానితో రియాక్షనే. సూక్ష్మజీవుల్ని చంపేది అందుకే. ఫ్రాన్స్‌లో నీస్ నగరం 1906 నుంచే తాగునీటిని దీనితో శుద్ధి చేసింది. మన వాటర్ బాటిళ్ల మీద ఓజోనైజ్డ్ అని రాసుంటుందే, అది కూడా ఇదే.

తమ్ముడు: నీళ్లలో క్రిములు పోతే ఒంట్లో కూడా పోతాయి కదా మరి?

అక్క: అక్కడే వచ్చింది చిక్కు. క్రిములు చచ్చేంత ఓజోన్ ఇస్తే మన కణాలు కూడా తట్టుకోలేవు. అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ నిబంధనల్లో ఇది రాసే ఉంది: ఓజోన్ విషవాయువు, వైద్యంలో దీనివల్ల ఫలానా ఉపయోగం ఉందని తేలలేదు అని. అలాగని ప్రపంచమంతా వద్దంటోందా అంటే అదీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ సైనికుల గాయాలకు వాడారు, ఇటలీ, స్పెయిన్, క్యూబాల్లో ఇప్పటికీ బాగానే వాడతారు.

తమ్ముడు: పిన్నికి చేసిందేంటసలు? రక్తం తీసి, ఏదో కలిపి, మళ్లీ ఎక్కించారంది.

అక్క: వంద, రెండొందల మిల్లీలీటర్ల రక్తం తీస్తారు. అందులో ఆక్సిజన్, ఓజోన్ కలిపిన గ్యాస్ పట్టిస్తారు. అందులో ఓజోన్ 5 శాతం లోపే, మిగతాదంతా ఆక్సిజన్. తర్వాత అదే రక్తాన్ని సెలైన్‌లా ఎక్కిస్తారు. పిన్ని నీతో ఇంకో మాట అని ఉండాలే, నల్లగా ఉన్న రక్తం కళ్లముందే ఎర్రగా మారిందని?

తమ్ముడు: అబ్బో, అదే పదిసార్లు చెప్పింది! చెడు రక్తమంతా శుభ్రమైపోయిందట.

అక్క: సిర నుంచి తీసిన రక్తం ఎవరిదైనా ముదురు రంగులోనే ఉంటుంది. ఓజోన్ లేకుండా ఉత్త ఆక్సిజన్ పట్టించినా అలాగే ఎర్రబడుతుంది. ఇందులో శుభ్రం కావడానికేం లేదు, కానీ చూసే మనిషికి ఎంత నమ్మకం కలుగుతుందో ఆలోచించు. ఆక్సిజన్ పెరుగుతుందంటారా, ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఆక్సీమీటర్ పెట్టు, 95 పైనే చూపిస్తుంది, ఇంక పెంచేదెంత?

తమ్ముడు: మరి చేసేవాళ్లు దేన్ని నమ్మి చేస్తున్నారు?

అక్క: వాళ్లకీ ఒక లెక్క ఉందిలే. ఓజోన్ రక్తంలో ఓజోన్‌లా మిగలదు, కలిసిన వెంటనే కొవ్వులతో రియాక్టయి హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి పుడతాయి. ఆ చిన్న దెబ్బకి శరీరం తన రక్షణ ఎంజైములను పెంచుకుంటుందని వాళ్ల వాదన. ల్యాబ్‌లో కొంత కనపడింది కూడా. కానీ దాంతో షుగర్ తగ్గిందా, కేన్సర్ తగ్గిందా అంటే గట్టి రుజువు లేదు. షుగర్ పుళ్ల మీద 2015లో కాక్రేన్ వాళ్లు, అంటే వైద్య అధ్యయనాలన్నీ పోగేసి జల్లెడ పట్టే సంస్థ, వెతికితే దొరికింది మూడే అధ్యయనాలు, 212 మంది పేషెంట్లు. ఏమీ తేల్చలేమన్నారు.

తమ్ముడు: అయితే మొత్తం బోగస్ అనెయ్యొచ్చా?

అక్క: అనకు. నడుము డిస్క్ జారి కాలంతా లాగేవాళ్లకి స్కానింగ్‌లో చూస్తూ డిస్క్‌లోకే ఓజోన్ ఇస్తారు, డిస్క్ కాస్త నీరు కోల్పోయి కుంచించుకుపోతుంది, నరం మీద ఒత్తిడి తగ్గుతుంది. దాని మీద ట్రయల్స్ ఉన్నాయి, చిన్నవే అనుకో, కొంతమందికి ఆపరేషన్ తప్పింది. మోకాలి కీలులోకి ఇస్తే కూడా కొన్నాళ్లు నొప్పి తగ్గినట్టు కొన్ని ట్రయల్స్‌లో కనిపించింది. అరిగిన గుజ్జు తిరిగి వస్తుందని మాత్రం ఎవరన్నా అంటే లేచి వచ్చెయ్. ఓజోన్ థెరపీ ఒకే వైద్యం కాదురా. ఎక్కడికి, ఎలా, ఎంత ఇస్తున్నారన్నదాన్ని బట్టి అది వేరే వైద్యమైపోతుంది.

తమ్ముడు: ప్రాణం మీదికి వచ్చేవి?

అక్క: గ్యాస్‌ని నేరుగా రక్తనాళంలోకి ఎక్కించడం. బుడగలు మెదడుకో గుండెకో చేరితే పక్షవాతం, చావు కూడా. అలా జరిగిన కేసులు మెడికల్ జర్నల్స్‌లో ఉన్నాయి. పీల్చడం అసలు కూడదు, ఊపిరితిత్తులు పాడవుతాయి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకి ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది, అందుకే ఓజోన్‌ని సమర్థించే డాక్టర్లే ముందు ఆ టెస్ట్ చేయించమంటారు. గర్భిణులకి, థైరాయిడ్ అదుపులో లేనివాళ్లకి వద్దంటారు. ఇవన్నీ ఒక ఎత్తు, దీన్ని నమ్ముకుని కీమో మానేసేవాళ్లు ఇంకో ఎత్తు, నాకు నిద్ర పట్టనిది వాళ్ల గురించే.

తమ్ముడు: పిన్నికి ఆ జీ6పీడీ టెస్ట్ చేశారా? థైరాయిడ్ మాత్రలు కూడా వేసుకుంటుంది కదా.

అక్క: నన్నెందుకు అడుగుతావ్, ఆవిడకే ఫోన్ చెయ్. స్పీకర్‌లో పెట్టు. ఇంకా ఎన్ని సిట్టింగులు మిగిలాయో, కట్టిన డబ్బుకి రసీదు ఇచ్చారో లేదో కూడా కనుక్కుందాం.