ఫ్రీబీఎస్‌డీ 13 నుంచి 14కి: సర్వర్ పడకేయకుండా అప్‌గ్రేడ్ అవుతుందా?

అందరికీ నమస్కారం. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను 13.5 నుంచి 14.3కి మార్చడానికి సిస్టమ్‌తో పాటే వచ్చే ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ టూల్ ఎలా ఉందో చూద్దాం. నా మాట ముందే చెప్పేస్తా: పని నెమ్మది, కానీ నమ్మొచ్చు. వరస తప్పకూడదు, అంతే.

ఇక్కడ కర్నెల్ (సిస్టమ్ గుండెకాయ), యూజర్‌ల్యాండ్ (దాని మీద నడిచే సిస్టమ్ ప్రోగ్రాములు, లైబ్రరీలు) రెండూ ఒకే సోర్స్ నుంచి ఒకే రిలీజ్‌గా వస్తాయి. కొత్త కర్నెల్ మీద పాత ప్రోగ్రాములు నడుస్తాయి. పాత కర్నెల్ మీద కొత్తవి నడుస్తాయన్న గ్యారంటీ లేదు. అందుకే ఇన్‌స్టాల్ కమాండ్ మొదటిసారి కొడితే కర్నెల్ మాత్రమే మారుతుంది. రీబూట్ చేసి మళ్లీ అదే కొడితే యూజర్‌ల్యాండ్ వంతు.

అయిపోయిందనుకుని చాలామంది ఇక్కడే లేచిపోతారు. మూడోసారి కూడా కొట్టాలి, అప్పుడు పాత లైబ్రరీలు పోతాయి. దానికంటే ముందు ప్యాకేజీలన్నీ మార్చుకోవాలి. 13లో ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.1.1 ఉండేది, 14లో 3.0 వచ్చింది. తొందరపడి పాత లైబ్రరీ తీసేస్తే దాన్ని నమ్ముకున్న ప్రోగ్రాములు లేవనే లేవవు. ప్యాకేజీలను మార్చే పీకేజీ టూలే మొరాయిస్తే పీకేజీ-స్టాటిక్ వాడండి.

నాకు నచ్చనిది కాన్ఫిగ్ ఫైళ్ల దగ్గర. స్క్రీన్ మీద చూడండి, మన మార్పూ కొత్త వెర్షనూ కలవక ఫైల్‌ను ఎడిటర్‌లో తెరిచింది. ఈ బాణం గుర్తుల వరసలు కనిపిస్తున్నాయా? వీటిని చెరపకుండా సేవ్ చేస్తే అవి ఫైల్లోనే ఉండిపోతాయి. అది పాస్‌వర్డ్ ఫైల్ అయితే లాగిన్‌కే ఎసరు. తర్వాత "ఇది సరిగ్గా ఉందా" అని అడుగుతుంది. చదవకుండా వై నొక్కకండి, ప్లీజ్.

ఇక అసలు ధైర్యం బూట్ ఎన్విరాన్‌మెంట్, అంటే వెనక్కి వెళ్లడానికి దాచుకునే సిస్టమ్ కాపీ. జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ ఉంటే బీఈసీటీఎల్ క్రియేట్ అని ఒక్క కమాండ్ కొడితే క్షణంలో పాత సిస్టమ్ మొత్తం పక్కన భద్రంగా ఉంటుంది. కొత్తది బూట్ కాకపోతే, మెషీన్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే లోడర్ మెనూలో పాతదాన్ని ఎంచుకోవడమే. పది మార్కులకు దీనికి తొమ్మిదిన్నర. ఆ అర ఎందుకు కోశానంటే, డిఫాల్ట్ లేఅవుట్‌లో హోమ్ ఫోల్డర్ దీని బయట ఉంటుంది గానీ, వార్ డీబీ (/var/db) ఫోల్డర్ లోపలే ఉంటుంది. మీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అక్కడే ఉంటే, వెనక్కి వెళ్లినప్పుడు అదీ వెనక్కి వెళ్తుంది. అప్‌గ్రేడ్ తర్వాత వచ్చిన ఆర్డర్లు ఆ పాతదాంట్లో కనిపించవు! కాబట్టి డేటాబేస్‌కు వేరే డేటాసెట్ (జెడ్‌ఎఫ్‌ఎస్‌లో విడి భాగం) పెట్టి, విడిగా బ్యాకప్ తీసుకోండి.

అంతా అయ్యాక ఫ్రీబీఎస్‌డీ-వెర్షన్ కమాండ్‌తో కర్నెల్, యూజర్‌ల్యాండ్ నంబర్లు రెండూ చూసుకోండి. జెడ్‌పూల్ (జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్కుల సముదాయం) అప్‌గ్రేడ్ చేయమని సిస్టమ్ ఊరిస్తుంది, కొన్ని వారాలు ఆగండి. అది చేస్తే పాత ఎన్విరాన్‌మెంట్ ఆ పూల్‌ను తెరవలేకపోవచ్చు. పైగా బూట్ లోడర్‌ను ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ మార్చదు, పూల్ అప్‌గ్రేడ్ కంటే ముందు దాన్ని మీరే కొత్తది చేసుకోవాలి. కమాండ్లన్నీ వరసగా డిస్క్రిప్షన్‌లో పెట్టాను.