జంధ్యం కాదు, చేతిలో ఇనుము చూడండి

నమస్కారమండీ. మాట్లాడే ముందు ఈ ఫొటో ఒక్క నిమిషం చూడండి. ఆరుగురు మనుషులు, వెనకాల గోడకు ఆనించిన బండి చక్రం, మన వైపు గాను అంటాం కదా, అది. ఫొటో అతికించిన అట్ట మీద కింద "చిత్తూరు, నార్త్ ఆర్కాట్" అని అచ్చు వేసి ఉంది. చిత్తూరు అప్పట్లో నార్త్ ఆర్కాట్ జిల్లాలో ఉండేది, చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంటే ఆ అట్ట అంతకు ముందే అచ్చయి ఉండాలి. ఫొటో కూడా దాదాపు ఆ కాలానిదే అనుకోవచ్చు.

ఈ ఫొటో పంపింది చిత్తూరులో ఉండే ఒక తమ్ముడు. "అన్నా, ఎడమ నుంచి రెండో ఆయన మా జేజినాయన వాళ్ల నాయన. మేము ఆచారులం, మూడు తరాలుగా బంగారం పని. ఆయనా అదే పని చేసుంటాడని అనుకుంటాం, నిజమేనా?" అని అడిగాడు. నేను చూపించిన వాళ్లేమో జంధ్యం చూడగానే పూజారి అన్నారు.

జంధ్యం చూసి పూజారి అనేయకండి. కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, కంసాలి, ఈ అయిదు పనుల విశ్వబ్రాహ్మణులు కూడా జంధ్యం వేసుకుంటారు. మా పెళ్లిళ్లు మా పురోహితులే చేస్తారని వీళ్లు కోర్టుకెక్కితే, 1818లో చిత్తూరు జిల్లా అదాలత్ వీళ్ల పక్షానే తీర్పిచ్చింది. మన ఊళ్లో జరిగిన కథ అది. చాలా మందికి తెలియకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇప్పుడు ఆ జంధ్యాన్నే ఇంకోసారి చూడండి. జంధ్యం ఉన్న ముగ్గురికీ అది కుడి భుజం మీద నుంచి ఎడమ చంక కిందికి వచ్చింది. మామూలుగా ఎడమ భుజం మీద ఉంటుంది. పితృకార్యాలప్పుడు కుడికి మార్చుకుంటారు గానీ, ఫొటోకి ముగ్గురు ఒకేసారి అలా నిలబడరు కదా! అప్పట్లో ఫిల్ముకు బదులు వాడే గాజు పలకను తిరగేసి ప్రింటు వేశారన్నమాట. అప్పట్లో ఈ పొరపాటు తేలిగ్గా జరిగేది. ఇదిగో, అద్దంలో చూసినట్టు తిప్పుతున్నాను. ఆయనిప్పుడు కుడి నుంచి రెండో మనిషి, పనిముట్టు కుడి చేతిలోకి వచ్చేసింది.

ఆ పనిముట్టు దగ్గరికి వెళ్దాం. దూరం నుంచి కలుపు తీసే చిన్న తొలికలా ఉంది. కానీ పిడి జానెడున్నరే. అంచు మట్టికి అరిగినట్టు వంకర పోలేదు, ఉలి అంచులా తిన్నగా ఉంది. అది బాడిస. చెక్కను చెక్కే పనిముట్టు. కంసాలి అయితే ఊదుగొట్టమో, చిన్న త్రాసో పట్టుకునేవాడు. ఈయన వడ్రంగి. పంచె ఉతికినదే, తల నున్నగా దువ్వి ఉంది. ఫొటోకి అందరూ మంచి బట్టలే కట్టుకుంటారు. అందుకే బట్టల్ని బట్టి పని చెప్పలేం.

పక్కాయన చేతిలో పొడుగాటి పట్టకారు, కాళ్ల దగ్గర సమ్మెట. ఆయన కమ్మరి. వీళ్లిద్దరూ పక్కపక్కన ఎందుకున్నారో వెనక గాను చెబుతుంది. చెక్క చక్రం వడ్రంగిది, దాని చుట్టూ ఇనప పట్టా కమ్మరిది. పట్టాను చక్రం కంటే కొంచెం బిగుతుగానే చేస్తారు. ఎర్రగా కాలిస్తే సాగుతుంది, అప్పుడు చక్రానికి తొడిగి వెంటనే నీళ్లు పోస్తారు. ఇనుము చల్లారి ముడుచుకుంటూ లోపలి ఆకుల్నీ, అంటే మధ్య నుంచి అంచుకు వెళ్లే పుల్లల్నీ, చుట్టు చెక్కల్నీ కలిపి పట్టేస్తుంది. చెక్క కొలత ఇటూ అటూ అయినా, పట్టా కొలత తప్పినా బండి దారిలోనే విడిపోతుంది. ఒకరి పని మీద ఒకరికి అంత నమ్మకం ఉండాలి. వీళ్లు భుజాలు తాకేలా నిలబడ్డారు, చూశారా?

చివర్లో ఛాతీ మీద అడ్డంగా పట్టీ, దానికి లోహపు బిళ్ల ఉన్నాయన బిళ్ల బంట్రోతు. ఆయన తలపాగా నల్లగా కనిపిస్తోంది గానీ, నలుపే అని చెప్పకండి. ఆనాటి పలకలకు ఎరుపు అందేది కాదు, ఎర్ర గుడ్డ కూడా నల్లగానే పడేది. మిగతా ముగ్గురి చేతుల్లో ఏమీ లేదు. వాళ్లకు నేను పేరు పెట్టను, ఊహించి చెప్పడం తప్పు.

తమ్ముడికి ఫోన్ చేసి, "మీ అటక మీద పాత ఇనుప సామాను ఏమైనా ఉందా నాయనా?" అని అడిగాను. నిచ్చెన వేసుకుని ఎక్కి, ఇదిగో, ఈ బాడిస ఫొటో పంపాడు. ఇంట్లో ఇన్నాళ్లూ కొబ్బరి మట్టలు చీల్చడానికి వాడుతున్నారట. పిడి మీద బొటనవేలు ఆనే చోట చెక్క గుంట పడిపోయి ఉంది.