సిగ్నల్ రేకుకు అవతలే ఉంది

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ఆదివారం పొద్దున్నే నిద్ర మానుకుని వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు. క్యాంపర్ వ్యాన్ వేసుకుని తిరిగేవాళ్లు మన హైదరాబాద్‌లో ఇంతమంది ఉన్నారని ఈ హాలు చూశాకే తెలిసింది. చెరువు గట్టునో అడవి అంచునో బండి ఆపినప్పుడు నెట్ ఎలా తెచ్చుకోవాలో ఇరవై నిమిషాల్లో చెప్పమన్నారు. చెబుతాను.

ముందుగా, ఫోన్ మీద కనిపించే గీతల్ని నమ్మకండి. ఆ గీతల లెక్క ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా ఉంటుంది. చాలా ఫోన్లలో సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్ తెరిస్తే డీబీఎం అని మైనస్‌లో ఒక అంకె ఉంటుంది. చూడాల్సింది అది. మైనస్ 85 ఉంటే మామూలుగా వీడియో కాల్‌కు ఢోకా ఉండదు. మైనస్ 115 అయితే వాట్సాప్ మెసేజ్ కదలడం కూడా కష్టమే. మైనస్ 85 కాస్తా మైనస్ 95 అయ్యి పది తగ్గిందంటే సిగ్నల్ బలం పదో వంతుకు పడిపోయినట్టు. సోమశిలలో కృష్ణ ఒడ్డున బండి లోపల కూర్చుని చూస్తే నాకు మైనస్ 113 వచ్చింది. అదే ఫోన్ పట్టుకుని నిచ్చెనెక్కి టాప్ మీద చూస్తే మైనస్ 99. ఆ పద్నాలుగు అంకెల తేడా అంటే పాతిక రెట్లు! సిగ్నల్ అక్కడే ఉంది. మనం కట్టించుకున్న రేకు, దాని లోపల అతికించిన ఫాయిల్ షీటు దాన్ని ఆపేస్తున్నాయి.

ఈ సంగతి తెలియకముందు నేను బూస్టర్ కొన్నాను, అంటే బయటి సిగ్నల్‌ను పట్టి, పెంచి బండి లోపలికి వదిలే డబ్బా. దాని గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదామనుకున్నాను కానీ, చెప్పాల్సింది అదేననిపిస్తోంది.

కొల్లాపూర్ దాటాక ఒక చిన్న ఊరు, ఆ ఊరికంతా ఒకటే టవర్. ఊరి బయట చింతచెట్టు కింద మూడు రోజులకని బండి ఆపి, బూస్టర్ ఆన్ చేశాను. ఫోన్‌లో గీతలు నిండుగా వచ్చేసరికి మా ఆవిడ కూడా సంతోషించింది. రెండో రోజు పొద్దున పాలకోసం ఊళ్లోకి వెళ్తే రేషన్ షాపు ముందు పెద్ద లైను. డీలర్ ఈ-పాస్ మిషన్‌ను రెండు చేతులతో పైకెత్తి, ప్రహరీ గోడ మీద అటూ ఇటూ జరుపుతున్నాడు. నెట్ రావట్లేదు. నెట్ రాకపోతే వేలిముద్ర పడదు, వేలిముద్ర పడకపోతే బియ్యం లేవు. అరుగు మీద ఖాళీ సంచి మడిచి ఒళ్లో పెట్టుకున్న ఒక ముసలమ్మ నాతో అంది: "నిన్న మాపటి సంది గిట్లనే బిడ్డా. ఏలు పెట్టుడే అయితున్నది, బియ్యం అయితలేవు."

నిన్న మాపటి నుంచి. నేను బూస్టర్ పెట్టింది కూడా అప్పుడే. నాకు ఆ ముక్క తట్టలేదు. పాల ప్యాకెట్ తీసుకుని వచ్చేశాను. మధ్యాహ్నం డబ్బా చెయ్యి కాలేంత వేడెక్కితే భయమేసి తీసేశాను. సాయంత్రం నాలుగింటికి జనం నెత్తిన బియ్యం సంచులతో నా బండి పక్కనుంచే ఇళ్లకు వెళ్తున్నారు.

టెలికాంలో పనిచేసిన స్నేహితుడు తర్వాత విడమరిచి చెప్పాడు. ఇప్పుడు ఈ మైకును ఆ స్పీకర్ దగ్గరికి తీసుకెళ్తే చెవులు చిల్లులు పడేలా కీచుమంటుంది కదా? బండి చిన్నది. బూస్టర్ బయటి యాంటెన్నా, లోపలి యాంటెన్నా దగ్గర దగ్గరగా ఉంటే అదీ అలాగే కీచుమంటుంది. మన చెవికి వినపడదు, టవర్‌కు వినపడుతుంది. ఆ గోలలో మిగతా ఫోన్ల మాట టవర్‌కు అందదు. మిషన్ పనిచేయకపోవడానికి కారణం నా డబ్బానే అని కోర్టులో రుజువు చేయలేను. నా మనసుకు మాత్రం అనుమానం లేదు.

అమ్మిన షాపువాడు ఇది నేరమని ఒక్క మాట చెప్పలేదు. లైసెన్సు లేకుండా ఇలాంటిది దగ్గర పెట్టుకోవడం 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారమే తప్పు. 2023లో వచ్చిన టెలికాం చట్టమూ ఒప్పుకోదు. మీలో ఎవరి బండిలో ఉందో చేతులెత్తమని అడగను. ఉంటే తీసేయండి, దయచేసి తీసేయండి. మనం మూడు రోజులుండి వచ్చేస్తాం. ఆ టవర్ కింద బతికేది వాళ్లు.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. మరి బూస్టర్ లేకుండా ఎలాగంటే, సిమ్ వేసుకునే రౌటర్ ఒకటి, టాప్ మీద రెండు వైర్ల మైమో యాంటెన్నా, అంటే ఒకే డబ్బాలో రెండు యాంటెన్నాలున్నది, ఒకటి. ఇది ఉన్న సిగ్నల్‌ను అందుకుని రౌటర్‌కు ఇస్తుంది, గాల్లో గోల పెంచదు. వైరు మూడు మీటర్లు దాటనివ్వకండి, సన్న వైరు దారిలోనే సగం తినేస్తుంది. కోఠి గుజరాతీ గల్లీలో కావలసిన కొలతకు వైరు, కనెక్టర్లు దొరుకుతాయి. యాంటెన్నా 850, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు పట్టేదై ఉండాలి. దూరం నుంచి వచ్చేవి అవే, 2300 మెగాహెర్ట్జ్ సిగ్నల్ చెట్ల మధ్య తొందరగా చచ్చిపోతుంది. రెండు వేరు వేరు కంపెనీల సిమ్‌లు పెట్టుకోండి. శ్రీశైలం రోడ్డులో వెళ్తుంటే మన్ననూరు చెక్‌పోస్టు రాకముందే మ్యాపులు డౌన్‌లోడ్ చేసుకుని, ఎక్కడ ఆగుతారో ఇంట్లో చెప్పండి. నల్లమలలో చాలాచోట్ల ఏ యాంటెన్నా పెట్టినా పట్టుకోవడానికి సిగ్నలే ఉండదు.

నా బండి కింద పార్కింగ్‌లోనే ఉంది, నిచ్చెన వేసి పెట్టాను. భోజనాలకు ముందు పది నిమిషాలు రండి. మీ ఫోన్‌తోనే లోపల ఒకసారి, పైన ఒకసారి అంకె చూసుకోండి.