డైరీ సంక్రాంతికే ఆగిపోతోందా? ఒకే నోట్సులో చిట్టా, ఆవర్జా

నమస్కారమండీ. జనవరి ఒకటిన డైరీ మొదలెట్టడం, సంక్రాంతి పనుల్లో పడి వదిలీయడం, ఆనక ఆ డైరీ పాల లెక్కలకీ పిల్లల గీతలకీ వెళ్ళిపోవడం... శ్రీకాకుళమైనా విజయనగరమైనా చాలా ఇళ్ళల్లో ఏటా ఇదే తంతు. ఇందులో సగం తప్పు ఆ డైరీదే. ఏమీ జరగని రోజుకీ ఒక పేజీ, ఇంట్లో పెళ్ళి జరిగిన రోజుకీ అదే పేజీ. నాలుగు రోజులు రాయకపోతే నాలుగు ఖాళీ పేజీలు ఎదురుగా కనిపిస్తాయి. ఐదో రోజు ఇంక పుస్తకం తెరవబుద్ధి కాదు. అంచేత తేదీలు అచ్చెయ్యని మామూలు రూళ్ళ నోట్సు చాలు. తేదీ మనమే వేసుకుందాం.

పద్ధతి మన షావుకార్లదే. చిట్టాలో ఏ రోజు లావాదేవీ ఆ రోజు వరసగా పడిపోతుంది. ఆవర్జాలో ఒక్కో ఖాతాకి ఒక్కో పేజీ, చిట్టా చూసి అందులోకి ఎత్తి రాస్తారు. 2013లో న్యూయార్క్ డిజైనరు రైడర్ కారోల్ బయటపెట్టిన బుల్లెట్ జర్నల్ కూడా ఇంచుమించు ఇదే దారి. రోజువారీ సంగతులు వరసగా, ఒక్కో విషయానికి విడి పేజీలు, ముందు విషయసూచిక. మనం రెండూ ఒకే పుస్తకంలో పెడదాం. ముందు నుంచి చిట్టా, వెనక నుంచి ఆవర్జా.

కొనేటప్పుడు అట్ట బొమ్మ చూసి మోసపోకండి, పుస్తకం మధ్యకి విప్పి చూడండి. మడతలో దారం కనిపిస్తే కుట్టు బైండింగు, అది తీసుకోండి. జిగురుతో అంటించిందైతే రోజూ విప్పి మూసేసరికి వెన్ను విరిగి పేజీలు ఊడొస్తాయి. సైజు ఏ5, అంటే 148 ఇంటూ 210 మిల్లీమీటర్లు. లాంగ్‌బుక్కు బల్ల మీద బాగుంటుంది గానీ చేతిసంచీలో పట్టదు, పట్టకపోతే ఇంట్లోనే ఉండిపోతుంది. పేజీలు 192 దగ్గర్లో ఉంటే చాలు. బడి నోట్సుల పల్చటి కాగితం మీద బాల్‌పెన్ను పర్వాలేదు, ఇంకుపెన్ను వెనక్కి దిగిపోతుంది. జెల్‌పెన్ను వాడేవాళ్ళు 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి 80 గ్రాముల బరువు తూగే) కాగితం అడగండి. ఇంటికొచ్చాక చిట్టచివరి పేజీలో మీ పెన్నుతో ఒక వరస రాసి, పక్కన చిన్న గడి నింపి, నిమిషం ఆగి వెనక్కి తిప్పండి. నీడలా కనిపిస్తే ఫర్వాలేదు. చుక్కలు చుక్కలుగా దిగితే పెన్ను మార్చడమే.

పేజీ నంబర్లు ముందే వేసీయండి. కుడివైపు పేజీలకి వేస్తే చాలు, ఎడమది ఎలాగూ తెలుస్తుంది. మూల పసుపు రాసుకునేవాళ్ళు చిటికెడే రాయండి, తడి పసుపు అయిదారు పేజీల లోపలికి దిగుతుంది! 1 నుంచి 4 వరకు విషయసూచిక. 5 నుంచి 8 వరకు ఏడాది పేజీలు, పేజీకి మూడు నెలలు, నెలకో గడి.

ఈ ఏడాది పేజీల్నే చాలామంది పుట్టినరోజులతో సరిపెట్టీస్తారు. మన జిల్లాల్లో వాటికి అంతకంటే పెద్ద పని ఉంది. 2013లో ఫైలిన్ తుఫాను తీరం దాటింది అక్టోబరు 12న. 2014లో హుద్‌హుద్, అదీ అక్టోబరు 12నే. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది అక్టోబరు 11న. తుఫాను అప్పుడే రావాలని లేదు గానీ, సెప్టెంబరు గడిలో ముందుజాగ్రత్త పనులు రాసి పెట్టుకోడానికి ఈ మూడు తేదీలు చాలవా? కొబ్బరి మట్టలు కొట్టించాలి, పట్టాదారు పుస్తకాలూ సర్టిఫికెట్లూ పాలిథిన్ కవరులో వేసి అటకెక్కించాలి, ఛార్జింగు లైటు చూసుకోవాలి. దసరా వెళ్ళిన మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను పండగ, మాఘంలో అరసవల్లి రథసప్తమి. చుట్టాలు దిగే రోజులు గాబట్టి ఆ గడుల్లో సరుకుల సంగతీ వేసుకోండి.

9వ పేజీ నుంచి చిట్టా. తేదీ వేసి, ఒక్కో సంగతి ఒక్కో వరస. చెయ్యాల్సిన పనికి ముందు చుక్క, అయిపోతే ఆ చుక్క మీదే ఇంటూ. జరిగినదానికి సున్నా, ఊరికే గుర్తుకి గీత. గుర్తులు ఇంతే, రంగులక్కర్లేదు. స్టిక్కర్లూ బొమ్మలూ మొదటి వారం సరదాగానే ఉంటాయి, రెండో వారం నుంచి ఆ ముస్తాబుకే తీరిక చాలక రాయడం మానీస్తారు.

పని రాసే తీరులోనే సగం వ్యవహారం ఉంది. "బాత్రూం పని" అని రాస్తే అది నెలంతా అలాగే కూర్చుంటుంది, ఎందుకంటే అందులో చెయ్యాల్సింది ఏటో లేదు. "సోమవారం పొద్దున్న ప్లంబరుకి ఫోను, గీజరు కింద పైపు కారుతోందని చెప్పాలి" అని రాయండి. నెలాఖరుకి మిగిలిన చుక్కల్ని కొత్త నెల పేజీలోకి చేత్తోనే ఎత్తి రాయాలి, పాత చుక్క పక్కన బాణం గుర్తు పెట్టాలి. ఆ రాసే విసుగే జల్లెడ. ఒకే పనిని మూడోసారి ఎత్తి రాయాల్సి వస్తే ఆగండి. ముక్కలు చేసి చిన్న పనిగా రాయండి, లేదంటే కొట్టీయండి.

ఆవర్జా చివరి పేజీ నుంచి ముందుకి నడుస్తుంది. ఉదాహరణకి ఆవకాయ పేజీ. పెట్టిన తేదీ, కాయ రకం, కాయలెన్ని, ముక్కలు గిద్దెల్లోనో కిలోల్లోనో ఎంత, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె, కారం ఎక్కడ కొన్నారు. అందరూ ఇక్కడితో ఆపీస్తారు. కుడివైపు మూడు వేళ్ళ వెడల్పు వదిలి, దసరా నాటికి జాడీ ఎలాగుందో అక్కడ రాయండి. బూజు కట్టిందా, ముక్క మెత్తబడిందా, ఉప్పు చాల్లేదా? వచ్చే వేసవికి పనికొచ్చేది ఆ కుడివైపు సంగతే. పేజీ మొదలెట్టిన రోజే విషయసూచికలో "ఆవకాయ, 190" అని వేసీయాలి. రేపు వేద్దాం అనుకుంటే ఆ పేజీ ఇంక దొరకదు.

కథలో కవితలో రాసేవాళ్ళకీ ఆవర్జాయే. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి శీతాకాలం ముందు గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వస్తాయి. "పక్షులు చూశాం, బాగున్నాయి" అన్న వరసతో తర్వాత ఏమీ చెయ్యలేం. తేదీ, వేళ, ఏ చెట్టు మీద, ఎన్ని గూళ్ళు, కొమ్మ ఎంత వంగింది, కింద నేల ఏ రంగులో ఉంది, పక్కింటావిడ ఏమంది. పెద్దవాళ్ళ మాటలు రాసుకుంటే వాళ్ళన్నట్టే రాయండి. "ఏటి సేస్తన్నావు" అంటే అదే రాయాలి, దిద్దితే మామ్మ గొంతు పోతుంది. మీ సొంత రాత మాత్రం ఏ భాషలోనైనా సరే, విజయనగరంలో గురజాడ అప్పారావు గారు ఇంగ్లీషులోనే డైరీలు రాసుకున్నారు.

జ్ఞాపకానికి టికెట్లు అంటించేవాళ్ళు కాస్త జాగ్రత్త. బస్సులో మిషను ఇచ్చే టికెట్టు, ఏటీఎం చీటీ థర్మల్ కాగితం. వేడికీ వెలుతురుకీ వెలిసిపోతుంది, కొన్ని జిగుర్లు తగిల్తే ఇంకా తొందరగా పోతుంది. జిరాక్సు తీసి అదే అంటించండి, లేదా ఊరూ తేదీ ఛార్జీ పక్కన చేత్తో రాయండి. మైదా గంజి వద్దు, పిండి పదార్థానికి పురుగు చేరుతుంది. సీసా జిగురుకి పేజీ ముడతలు పడుతుంది. గ్లూస్టిక్కు మేలు. అంటించేకొద్దీ పుస్తకం ఉబ్బుతుంది గాబట్టి నాలుగైదు అంటించాక ఒక ఖాళీ పేజీని మడత దగ్గర సెంటీమీటరు వదిలి కత్తిరించండి. లాగి చింపొద్దు, కుట్టు బైండింగులో దాని జోడీ పేజీ కూడా వదులైపోతుంది.

ఎంత జాగ్రత్తపడ్డా పుస్తకం తడిసిందనుకోండి. ఎండలో పెట్టొద్దు, అట్ట వంకరపోయి పేజీలు అలలు తేలతాయి. ముందు తెల్లటి పొడిగుడ్డతో అద్దండి, రుద్దొద్దు. పుస్తకం నిలబెట్టి విసనకర్రలా పేజీలు విప్పి గాలి తగిలేలా ఉంచండి. తుఫాను తర్వాత కరెంటు ఉండదు గదా, కిటికీ దగ్గరైనా సరే. పదేసి పేజీల మధ్య తెల్ల టిష్యూ కాగితం పెట్టి, తడవగానే మార్చండి. న్యూస్‌పేపరు పెడితే దాని సిరా మీ పేజీలకి అంటుతుంది. రెండు రోజుల్లోపు ఆరకపోతే బూజు మొదలవుతుంది. అతుక్కున్న పేజీల్ని తడి మీద విడదీయకండి, కొంచెం ఆరాక అట్టముక్క అంచు దూర్చి మెల్లగా తియ్యండి. బాల్‌పెన్ను రాత చాలామటుకు నిలుస్తుంది, ఇంకుపెన్ను రాత కరిగేది. ఆ పేజీలు ఆరీలోపే ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి.