ఎనిమిది నెలల పాపతో మే నెలలో అరకు వెళ్లొచ్చా? పిల్లల డాక్టరుతో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: మొదటి కాల్ గాజువాక నుంచి ఉంది, నేరుగా వెళ్లిపోదాం. హలో, చెప్పండమ్మా, మీ పక్కన రేడియో సౌండ్ కాస్త తగ్గించి మాట్లాడండి.

గాజువాక శ్రోత: నమస్తే అండి, నమస్తే డాక్టరు గారూ. పేరు వద్దులెండి, మా అత్తగారు కూడా ఈ ప్రోగ్రాం వింటారు.

వ్యాఖ్యాత: (నవ్వుతూ) గొంతు గుర్తుపట్టరా మరి? సరే, చెప్పండి.

గాజువాక శ్రోత: మేం కాకినాడలో ఇంజినీరింగ్ చదివామండి, నేనూ మా ఆయనా ఒకటే బ్యాచ్. ఇన్నేళ్ల తర్వాత అందరం కలుస్తున్నాం, హైదరాబాద్ నుంచి రెండు ఫ్యామిలీలు, బెంగళూరు నుంచి ఇద్దరు, ఒకమ్మాయి డాలస్ నుంచి సెలవులకొచ్చింది, తను తిరిగి వెళ్లిపోయేలోపే అని మే రెండో శని, ఆదివారాలు అరకు అనుకున్నారు. మా పాపకి ఎనిమిది నెలలు నిండాయి. ఇంట్లో ఏమో ఈ ఎండల్లో పసిదాన్ని కొండలెక్కిస్తారా అని ఒకటే గొడవ. ఫ్రెండ్సేమో ఏం కాదు తీసుకొచ్చెయ్, ఇంతమందిమి చూసుకోలేమా అంటున్నారు. వెళ్లాలా, మానెయ్యాలా?

డాక్టర్: ముందు ప్లాన్ చెప్పమ్మా. ఎన్నింటికి బయల్దేరతారు, ఎక్కడెక్కడ ఆగుతారు?

గాజువాక శ్రోత: టెంపో ట్రావెలర్ మాట్లాడారండి. శనివారం పొద్దున తొమ్మిదికి వైజాగ్‌లో ఎక్కి, దారిలో బొర్రా గుహలు చూసుకుని, సాయంత్రానికి రిసార్టు. రాత్రి క్యాంప్ ఫైర్, బొంగు చికెన్. ఆదివారం కటికి జలపాతం, పద్మాపురం గార్డెన్స్, చాపరాయి, కాఫీ మ్యూజియం, రాత్రికి ఇంటికి.

డాక్టర్: పాపని తీసుకెళ్లు, ఈ ప్లాన్‌ని మాత్రం తీసుకెళ్లకు. ఇది కాలేజీ పిల్లల ప్లాన్. తొమ్మిదికి బయల్దేరితే ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కేసరికే ఎండ నడినెత్తికొస్తుంది, బొర్రాలో దిగేసరికి పాప నిద్రపోయే టైం అవుతుంది. పైన చల్లగా ఉంటుందని అందరూ అనుకుంటారు, రాత్రిళ్లు నిజంగానే హాయిగా ఉంటుంది, కానీ మే నెల మధ్యాహ్నం ఎండ అరకులో కూడా ఎండే. పసిపిల్లలకి మనలాగా చెమట పట్టి ఒళ్లు చల్లబడదు, దాహం వేస్తే అడగలేరు, ఏడుస్తారు, మనం ఆకలనుకుంటాం. అందుకని పదకొండు నుంచి నాలుగు దాకా పాప నీడలోనో గదిలోనో ఉండాలి. మీరు కూడా అప్పుడు కూర్చుని కబుర్లు చెప్పుకోండి, అసలు కలిసేది అందుకే కదా. తెల్లవారుజామున అయిదుకి బయల్దేరండి, తొమ్మిదికల్లా అరకులో ఉంటారు.

గాజువాక శ్రోత: అయిదుకా! మావాళ్లు లేస్తారా అండి...

డాక్టర్: లేవకపోతే వాళ్లు తొమ్మిదికే రానీ, మీరు ముందు వెళ్లిపోండి, మీ కారులో. నాకు ఆ టెంపో ట్రావెలర్ మీద కూడా అనుమానమే. పిల్లల సీటు కట్టడానికి బెల్టులు సరిగ్గా ఉంటాయో లేదో, ఆ మలుపుల్లో ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే సడన్ బ్రేక్ వేసినప్పుడు ఎవరి చేతులూ ఆపలేవు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి కారులో బెల్టో పిల్లల సీటో ఉండాలని 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోనే ఉంది, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. ఈ వయసుకి వెనక సీట్లో, మొహం వెనక్కి ఉండేలా బిగించే సీటు కావాలి. ముందు సీట్లో ఒళ్లో పెట్టుకోవడం అసలొద్దు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే అదే ప్రాణం మీదికొస్తుంది.

వ్యాఖ్యాత: రైలు కూడా ఉంది కదండీ డాక్టరు గారూ, కిరండూల్ రైలు?

డాక్టర్: నన్నడిగితే అదే బాగుంటుంది. నాలుగు గంటల చిల్లర ప్రయాణం, లేచి తిప్పొచ్చు, పాలివ్వొచ్చు, ఘాట్ రోడ్డు మలుపుల వాంతులుండవు. విస్టాడోమ్ ఏసీ పెట్టెలో టికెట్లు దొరికితే ఇంకా మంచిది, కాకపోతే పైన అద్దాలు కదా, పాప మీద నేరుగా ఎండ పడని వైపు చూసుకుని కూర్చోండి. వేసవిలో ఆ టికెట్లు ముందే అయిపోతాయి, ఈ రోజే చూడండి.

గాజువాక శ్రోత: మరి బొర్రా మానెయ్యాలా అండి?

డాక్టర్: బొర్రా వెళ్లొచ్చు, ఎండ తగ్గాక. లోపల మెట్లు చాలా ఉంటాయి, తడిగా జారతాయి. చంకనేసుకుని దిగొద్దు, ముందు కట్టుకునే బేబీ క్యారియర్ ఉంటే ఆయన కట్టుకోవాలి, లేకపోతే ఒకరు బయట పాపతో ఉండి రెండోవాళ్లు చూసి రావాలి. బయట కోతులు, చేతిలో బిస్కెట్ ప్యాకెట్ కనిపిస్తే లాక్కుంటాయి, పాపకి అక్కడ తినిపించొద్దు. కటికి మాత్రం వదిలెయ్యండి. జీపు ఆ రాళ్లదారిలో ఎలా ఎగురుతుందో చూశారా? ఎనిమిది నెలల మెడ అది. ఈసారికి జలపాతం ఫొటోలు చాలు. పద్మాపురం గార్డెన్స్ పొద్దున్నే వెళ్లండి, నీడ ఉంటుంది, దానికి కూడా బాగుంటుంది. మే నెల కదా, మధ్యాహ్నం దాటాక ఒక్కసారిగా మబ్బు పట్టి ఉరుములు, వడగళ్లు కూడా పడొచ్చు, చాపరాయి దగ్గర నీళ్లలో ఉండగా ఆకాశం నల్లబడితే లేచి వచ్చెయ్యండి.

వ్యాఖ్యాత: తిండి సంగతి ఏంటండీ? హోటల్లో ఇడ్లీ పెట్టొచ్చా?

డాక్టర్: ఆవిరి మీద ఉడికి పొగలు కక్కుతున్న ఇడ్లీ అయితే పెట్టొచ్చు, చట్నీ వద్దు. దారిలో అన్నిటికంటే సులువైంది అరటిపండు, అక్కడికక్కడ ఒలిచి పెట్టేది. వేయించిన బియ్యం, పెసరపప్పు కలిపి పట్టిన ఉగ్గు పిండి డబ్బాలో, మరిగించిన నీళ్లు ఫ్లాస్కులో, అప్పటికప్పుడు ఉడకేసుకోవచ్చు, రిసార్టు వంటవాళ్లని అడిగితే గిన్నె ఇస్తారు. పొద్దున చేసిన రాగిజావ మధ్యాహ్నం దాకా సీసాలో పెట్టడం మాత్రం వద్దు, ఈ వేడిలో పులిసిపోతుంది. తల్లిపాలు ఇస్తున్నావా అమ్మా?

గాజువాక శ్రోత: ఇస్తున్నానండి.

డాక్టర్: చాలా మంచిది, ప్రయాణంలో దానికి మించింది లేదు. మామూలుకంటే ఎక్కువసార్లు ఇవ్వు, మధ్యలో కాచి చల్లార్చిన నీళ్లు రెండు మూడు చెంచాలు. ముందు నువ్వు నీళ్లు తాగాలి. బొంగు చికెన్ తిను, ఒకటి రెండు కప్పులు అరకు కాఫీ తాగు, ఏం కాదు. ఆ, ఇంకోటి, అక్కడ రోడ్డు పక్కన తేనె అమ్ముతారు, గిరిజన సహకార సంస్థ జీసీసీ వాళ్ల తేనె కూడా ఉంటుంది, మంచి తేనే. కానీ ఎవరో ఒక ఫ్రెండ్ ముద్దొచ్చి వేలితో నాలిక మీద రాస్తారు. ఏడాది నిండేదాకా తేనె వద్దు, ఎంత స్వచ్ఛమైనదైనా సరే. అందులో ఉండే ఒక సూక్ష్మజీవి వల్ల పసిపిల్లలకి కండరాలు చచ్చుబడే జబ్బు రావచ్చు, అరుదే, కానీ ప్రమాదం. ముందే అందరికీ చెప్పెయ్.

గాజువాక శ్రోత: దోమల సంగతి అండి? మా అత్తగారి భయం అదే, అసలు.

డాక్టర్: ఆవిడ భయం నూటికి నూరుపాళ్లు కరెక్టు, నేను ఎండకంటే ఎక్కువ దానికే భయపడతాను. అరకు ఏజెన్సీ ఏరియా, అక్కడ మలేరియా ఉంది. దోమతెర ఇంటి నుంచే తీసుకెళ్లండి, పిల్లలకి గొడుగులా తెరుచుకునేది చాలు. పొద్దు వాలగానే ఫుల్ చేతుల కాటన్ జుబ్బా, ప్యాంటు, సాక్సులు. ఒంటికి రాసే దోమల క్రీము రాస్తే అరచేతులకీ వేళ్లకీ మొహానికీ రాయొద్దు, నోట్లో పెట్టుకుంటుంది. మూసిన గదిలో దోమల చుట్టలు వెలిగించొద్దు. ముఖ్యమైంది ఇది: ఇంటికొచ్చాక వారం తర్వాతైనా, నెల లోపు జ్వరం వస్తే, పాపకైనా మీకైనా, సిరప్ పోసి చూద్దాం అనుకోకుండా రక్తపరీక్ష చేయించండి, అరకు వెళ్లొచ్చామని డాక్టరుకి చెప్పండి. చెప్పకపోతే వైజాగ్‌లో ఆ ఆలోచన రాకపోవచ్చు.

వ్యాఖ్యాత: ఇంకేమైనా ఉందా అమ్మా?

గాజువాక శ్రోత: ఉందండి... ఎలా చెప్పాలో. మొన్న సంక్రాంతికి కజిన్స్‌తో ఇలాగే వెళ్తే, ఇల్లంతా జనమే కానీ పాప ఏడిస్తే నాకే ఇచ్చేస్తారు. రాత్రంతా గదిలో దీన్ని పట్టుకుని కూర్చున్నా, బయట అందరి నవ్వులూ వినిపిస్తూనే ఉన్నాయి. మళ్లీ అదే అయితే నేను వెళ్లి ఏం లాభం అనిపిస్తోంది. వీళ్లందరూ నా ఫ్రెండ్స్ కూడా కదండీ.

డాక్టర్: మీ ఆయన పక్కన ఉన్నారా? ఫోన్ ఇవ్వు.

భర్త: నమస్తే మేడమ్. నేను హెల్ప్ చేస్తూనే ఉంటానండి...

డాక్టర్: సరే బాబూ, మీ పాప మధ్యాహ్నం ఎన్నింటికి పడుకుంటుంది?

భర్త: ఒంటిగంటకి... రెండుకా?

గాజువాక శ్రోత: (వెనక నుంచి) పన్నెండున్నరకి!

వ్యాఖ్యాత: (నవ్వు) దొరికిపోయారు సార్.

డాక్టర్: అదే నేను చెప్పబోయేది. ఇంతమందిమి ఉన్నాం కదా అనే చోటే పిల్లలు మంచం మీంచి పడతారు, నీళ్ల తొట్టి దగ్గరికి పాకిపోతారు, ఎందుకంటే ప్రతివాళ్లూ ఇంకొకళ్లు చూస్తున్నారనుకుంటారు. ఒక టైంలో ఒక్కరు. చేతులు మారినప్పుడు నోరు తెరిచి చెప్పాలి, ఇప్పుడు పాప నీ దగ్గర అని. ఆ టైంలో ఫోన్ జేబులో. శనివారం రాత్రి ఎనిమిదికి ఆవిడ పాలిచ్చేసి బయటికి వస్తుంది, ఎనిమిది నుంచి పదిన్నర దాకా గదిలో నువ్వు. ఏడిస్తే నువ్వే ఎత్తుకుని తిప్పాలి, అయిదు నిమిషాలకే ఆవిడకి ఫోన్ చేయకూడదు. ఆకలికే ఏడుస్తోందని తేలితే అప్పుడు పిలువు. ఆదివారం ఆవిడ చూసుకుంటుంది, నువ్వు నీ స్నేహితులతో ఎక్కడికైనా వెళ్లు.

భర్త: శనివారమే క్యాంప్ ఫైర్ మేడమ్...

డాక్టర్: తెలుసు, అందుకే శనివారం అన్నాను.

వ్యాఖ్యాత: సార్, ఇప్పుడు వైజాగ్ అంతా విన్నది, ఇక తప్పదు.

డాక్టర్: ఇంకొక్క మాట, జీలుగు కల్లో ఇంకోటో తాగినవాళ్లు పాపని ఎత్తుకోకూడదు, పక్కన పడుకోకూడదు, తెల్లారి ఘాట్‌లో బండి తీయకూడదు. మంట దగ్గరికి కూడా పాపని తేవద్దు, ఆ పొగ దానికి పడదు. ఫ్రెండ్స్ పిల్లల్లో ఎవరికైనా జ్వరం, ఒంటి మీద దద్దుర్లు ఉంటే దూరంగా ఉంచండి, మీ పాపకి తట్టు టీకా తొమ్మిదో నెల నిండాకే కదా పడేది, ఇంకా రక్షణ లేదు. అరకులో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉంది, ఎక్కడుందో వెళ్లగానే చూసి పెట్టుకోండి, ఘాట్‌లో సిగ్నల్ దొరకదు. వెళ్లిరండి.

వ్యాఖ్యాత: తర్వాత కాల్ రాజమండ్రి నుంచి. చెప్పండమ్మా.

రాజమండ్రి శ్రోత: ఏవమ్మా డాక్టరమ్మా, మా మనవణ్ణి కూడా మా అబ్బాయి వాళ్లు స్నేహితులతో కలిసి పాపికొండలు తీసుకెళ్తారట. ఏడాదిన్నర వాడు. గ్లూకోజు డబ్బా ఇచ్చి పంపిద్దామనుకుంటున్నాను, ఎండకి నీరసం రాకుండా. లేకపోతే ఆ ఓఆర్‌ఎస్ జ్యూసు డబ్బాలు ఇమ్మంటావా?

డాక్టర్: రెండూ వద్దు పిన్నిగారూ. గ్లూకోజు నీళ్లంటే ఉత్త పంచదార నీళ్లు, విరేచనాలుంటే ఇంకా ఎక్కువవుతాయి. ఆ అట్టపెట్టె జ్యూసుల సంగతి పెద్ద కథ. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజనీ సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ తియ్యటి పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాట వాడొద్దని ఆదేశించింది. మీరు మందుల షాపులో పొడి ప్యాకెట్ అడగండి, డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉండాలి. లీటరు ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలో ఒకేసారి మొత్తం కలపాలి, సగం పొడి సగం గ్లాసు లెక్కలు వద్దు. కలిపింది ఇరవైనాలుగు గంటలే. అది కూడా విరేచనాలు, వాంతులు అయితేనే, విరేచనం అయిన ప్రతిసారీ అర గ్లాసు దాకా చెంచాతో. మామూలుగా అయితే మంచినీళ్లు, పల్చటి మజ్జిగ, కొబ్బరినీళ్లు చాలు ఆ వయసుకి.

రాజమండ్రి శ్రోత: వడదెబ్బ తగిలిందని ఎలా తెలుస్తుందమ్మా?

డాక్టర్: ఆరు గంటలు దాటినా ఉచ్చ పోయకపోవడం, నోరు పిడచకట్టుకుపోవడం, ఏడ్చినా కన్నీళ్లు రాకపోవడం, ఒళ్లు కాలిపోతూ మగతగా పడి ఉండటం. చంటిపిల్లలకైతే మాడు గుంటపడుతుంది. ఇందులో ఏది కనిపించినా నీడలోకి తెచ్చి, బట్టలు విప్పేసి, మామూలు నీళ్లతో తడిపిన గుడ్డతో తుడుస్తూ, విసురుతూ ఆసుపత్రికి బయల్దేరాలి. అన్నట్టు పడవ ఎక్కేముందు లైఫ్ జాకెట్ పిల్లాడి సైజుది ఉందో లేదో అడగమనండి, పెద్దవాళ్లది వేస్తే జారిపోతుంది. లేదంటే ఎక్కొద్దనండి.

వ్యాఖ్యాత: ఆఖరి కాల్, హైదరాబాద్ నుంచి. త్వరగా అడగండి సార్, రెండు నిమిషాలే ఉంది.

హైదరాబాద్ శ్రోత: మేడమ్, నాకింకా పెళ్లి కాలేదు. వికారాబాద్ అనంతగిరి దగ్గర రిసార్టు బుక్ చేశాను, ఫ్రెండ్ వాళ్లు నాలుగు నెలల బాబుతో వస్తున్నారు. నేనేం ఏర్పాటు చేయాలి?

డాక్టర్: (నవ్వు) ఇలాంటి ఫ్రెండ్ అందరికీ ఉండాలి. కింద అంతస్తులో గది, పాటలు పెట్టే చోటికి దూరంగా, కరెంటు పోతే జనరేటర్ ఉందో లేదో కనుక్కో. ఏసీ ఇరవై అయిదు దగ్గర చాలు, గాలి బాబు మీదికి రాకూడదు. వాడికి ఆరు నెలల దాకా తల్లిపాలే, నీళ్లు కూడా అక్కర్లేదు, పాపం దాహం వేస్తుందేమో అని ఎవరూ పట్టకుండా చూడు. సిగరెట్లు గదిలో కాదు. దార్లో టీకి ఆగినప్పుడు బాబు నిద్రపోయాడని కార్లో వదిలేసి దిగకూడదు, అయిదు నిమిషాలకి కూడా. ఎండలో ఆగిన కారు లోపల పది నిమిషాలకే పది డిగ్రీల దాకా పెరుగుతుంది, అద్దం కాస్త దించినా అంతే.

హైదరాబాద్ శ్రోత: స్విమ్మింగ్ పూల్‌లో కాళ్లు ముంచొచ్చా మేడమ్? ఫొటో కోసం.

డాక్టర్: వద్దు. గదిలో బకెట్ నీళ్లతో స్నానం చేయించి ఆ ఫొటో తీసుకోండి.

వ్యాఖ్యాత: టైం అయిపోయింది. లైన్‌లో ఉన్నవాళ్లు వచ్చే వారం ఇదే సమయానికి చేయండి, వచ్చే వారం టాపిక్ పళ్లు వచ్చేటప్పుడు జ్వరం.